ముందు ఎవరు లేవాలి? కంప్యూటర్ నిద్ర లేచే వరస

ఉదయం బ్రాంచి తెరవడం చూసినవాళ్లకు తెలుసు, దానికో వరస ఉంటుందని. ముందు షట్టరు, వెంటనే అలారం ఆపడం, తర్వాత కరెంటు, యూపీఎస్. తాళాలున్న ఇద్దరూ వచ్చాక స్ట్రాంగ్ రూం తెరుస్తారు. కౌంటర్లకు క్యాష్ అందుతుంది. అన్నీ అయ్యాకే ఖాతాదారులకు తలుపు తీస్తాం. తాళాలున్న ఇద్దరిలో ఒకరి బస్సు ఆలస్యమైతే మిగతా అందరూ వచ్చి కూర్చున్నా క్యాష్ కౌంటరు మొదలవదు.

కంప్యూటరుకూ ఇలాంటి వరసే ఉంది. మనం మీట నొక్కి టీ తాగి వచ్చేలోపు అది లోపల వందల పనులు ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటుంది. ఆ వరస తప్పితే ఏమవుతుందో, దాన్ని సరిచేయడానికి నిపుణులు ఎన్ని తిప్పలు పడ్డారో ఈ వ్యాసంలో చెప్పాలని ఉంది. నేను ఇంజనీరును కాను, మేనేజ్‌మెంట్ చదువుకుని బ్యాంకులో చేరినవాణ్ణి. ఈ విషయం వెంట పడటానికి కారణం ఒక ఒకటో తారీఖు.

ఆ ఒకటో తారీఖు

అప్పుడు నేను ఒక మండల కేంద్రంలోని బ్రాంచిలో అసిస్టెంట్ మేనేజర్ని. బ్రాంచి కంప్యూటర్లన్నిటినీ బయటి లైనుకు కలిపే గేట్‌వే కంప్యూటర్ ఒకటి ఉండేది. దాని వెనక రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకటి లోపలి కంప్యూటర్లకు, రెండోది బయటి రౌటరుకు. అది నెలల తరబడి ఆపకుండా నడిచింది. ఒకనాటి రాత్రి కరెంటు పోయి, బ్యాటరీలు కూడా అయిపోయి ఆగిపోయింది. తెల్లవారితే ఒకటో తారీఖు, పెన్షన్ల రోజు.

పొద్దున్నే అన్నీ ఆన్ చేశాం. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. తెర మీద మాత్రం కనెక్షన్ లేదనే వచ్చింది. పది గంటలకే హాలు నిండిపోయింది. ముందు వరసలో కూర్చున్న రిటైర్డ్ మాస్టారు ఒకరు, "ఏం బాబూ, మీ మిషన్ ఇంకా లేవలేదా?" అని రెండుసార్లు అడిగారు. ఇంట్లో భార్యకు మందులు కొనాలట. నిల్వ తెలియకుండా డబ్బు ఇవ్వలేం. పదకొండున్నర బస్సు పోతే మళ్లీ సాయంత్రం దాకా లేదని ఆయన ఖాళీ చేతులతో వెళ్లిపోయారు.

ఫోనులో సాంకేతిక విభాగం వాళ్లు చెప్పినవన్నీ చేశాం. ఏమీ తోచక చివరికి నేను వెనకనున్న రెండు వైర్లనూ పీకి, ఒకదాని స్థానంలో ఇంకొకటి గుచ్చాను. వెంటనే లైను వచ్చింది! చప్పట్లు కూడా కొట్టారు. ఎవరో వైర్లు తారుమారు చేసి ఉంటారని తేల్చేసి, రెండింటికీ లేబుళ్లు అంటించాను. రెండు నెలల తర్వాత మళ్లీ కరెంటు పోయింది. మళ్లీ అదే తంతు. ఈసారి లేబుళ్ల ప్రకారం సరిగ్గా ఉన్న వైర్లను తప్పుగా పెడితేనే పని జరిగింది. దాంతో గోడ మీద ఒక కాగితం వెలసింది, నా చేతిరాతతోనే: "లైను రాకపోతే వైర్లు మార్చి చూడండి."

ఆ తర్వాత వచ్చిన ఇంజనీరు కుర్రాడు ఆ కాగితం చదివి నవ్వాడు. "సార్, వైర్లు ఎవరూ మార్చలేదు. పేర్లు మారాయి. రెండు కార్డుల్లో ఏది ముందు లేస్తే దానికి సున్నా, రెండోదానికి ఒకటి అని కెర్నల్ పేరు పెడుతుంది. ఇవి రెండూ పోటీ పడి లేస్తాయి. ఒక్కోరోజు ఒక్కోటి గెలుస్తుంది" అన్నాడు. ప్రతి కార్డుకూ ఫ్యాక్టరీలో పడే ఒక శాశ్వత సంఖ్య ఉంటుంది. ఫలానా సంఖ్య ఉన్న కార్డుకే ఫలానా పేరు అని ఒక ఫైలులో రెండు లైన్లు రాశాడు. ఆ తర్వాత నేనక్కడ ఉన్నంత కాలం ఆ బాధ లేదు. కాగితం నేనే చింపేశాను.

కెర్నల్ అంటే ఎవరు?

కెర్నల్ అంటే గింజలోని పప్పు. కంప్యూటర్‌కు అసలు యజమాని ఆ ప్రోగ్రామే. మెమరీ ఎవరికెంత, ప్రాసెసర్ ఎవరికెంతసేపు, డిస్కుతో ఎవరు మాట్లాడాలి అన్నీ అదే నిర్ణయిస్తుంది. మనకు తెర మీద కనిపించేవన్నీ దాన్ని అడిగి పనులు చేయించుకునేవే. ఇక్కడ నేను చెప్పేది లైనక్స్ కెర్నల్ గురించి. హెల్సింకీలో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టింది ఇది. నేడు ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల, ప్రపంచంలోని పెద్ద పెద్ద సర్వర్ల లోపల ఉన్నది ఇదే. దీని మూల రచన అందరికీ అందుబాటులో ఉంటుంది కాబట్టి, వరస ఎక్కడ తప్పిందో, ఎలా సరిచేశారో ఎవరైనా చూడవచ్చు.

ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములను డ్రైవర్లు అంటారు. కీబోర్డుకు ఒకటి, డిస్కుకు ఒకటి, నెట్‌వర్క్ కార్డుకు ఒకటి. కెర్నల్ లేవడమంటే తన సొంత అవయవాలను సిద్ధం చేసుకుని, ఆపైన ఈ డ్రైవర్లన్నిటినీ ఒక్కొక్కటిగా పనిలోకి దించడం.

చెట్టు ముందా, విత్తు ముందా?

మీట నొక్కాక మొదట నిద్ర లేచేది కెర్నల్ కాదు. బోర్డు మీదే ఉండే ఫర్మ్‌వేర్ లేస్తుంది. అది బూట్‌లోడర్‌ను లేపుతుంది. బూట్‌లోడర్ కెర్నల్‌ను డిస్కు నుంచి మెమరీలోకి తెచ్చి దానికి పగ్గాలు అప్పగిస్తుంది. అక్కడ కొంత తొలి ఏర్పాటు జరిగాక, 'స్టార్ట్ కెర్నల్' అనే ఒక ఫంక్షన్ మొదలవుతుంది. దాన్ని చదివితే మన బ్రాంచి తెరిచే చెక్‌లిస్టులాగే ఉంటుంది. ముందు ఈ యంత్రం ఏ రకం, మెమరీ ఎంత అని తెలుసుకో. మెమరీ పంచే ఏర్పాటు చెయ్యి. పనులకు వంతులు వేసే షెడ్యూలర్‌ను లేపు. పరికరాలు తలుపు కొడితే వినే ఇంటరప్ట్ విభాగాన్ని తెరువు. గడియారం నడుపు. ఇలా పైనుంచి కిందికి వరసగా ఉంటుంది.

ఇక్కడే మొదటి చిక్కు. మెమరీ పంచే విభాగం తన లెక్కల పుస్తకం రాసుకోవడానికి దానికే కొంత మెమరీ కావాలి. ఇంకా మెమరీ పంచేవాళ్లే లేనప్పుడు అదెక్కడి నుంచి వస్తుంది? దీనికి కెర్నల్ ఒక తాత్కాలిక గుమాస్తాను పెట్టుకుంటుంది. మెమ్‌బ్లాక్ అంటారు దాన్ని. ఇన్ని గదులున్నాయి, వీటిలో ఇవి నిండాయి అని మోటుగా ఒక జాబితా రాసుకుని, అడిగినవాళ్లకు ఇస్తుంది. అసలు విభాగం సిద్ధమయ్యాక పుస్తకాలు అప్పగించి తప్పుకుంటుంది. కొత్త బ్రాంచి మొదటి రోజు, ఫర్నిచర్ రాకముందు, ఎవరో ఒకరు మడత బల్ల వేసుకుని రిజిస్టరు తెరవడం లాంటిదే ఇది.

రెండో చిక్కు ఇంకా విచిత్రం. ఏదైనా తప్పు జరిగితే తెర మీద చెప్పాలి. తెరను నడిపే డ్రైవరు ఇంకా లేవలేదు. అంటే మొదటి క్షణాల్లో జరిగే తప్పు గురించి చెప్పుకునే నోరు కూడా ఉండదు. తెర నల్లగా ఉండిపోతుంది, అంతే. అందుకే తొలిదశ కోసం ఎర్లీ కన్సోల్ అనే ఒక చిన్న ఏర్పాటు పెట్టారు. దానికి హంగులుండవు, అక్షరాలను ఒక్కొక్కటిగా బయటికి నెట్టడం మాత్రం వచ్చు. కెర్నల్‌ను కొత్త బోర్డు మీద లేపేవాళ్లకు అదే దిక్కు.

అన్నిటికన్నా ఎక్కువ మందికి ఎదురయ్యే మూడో చిక్కు డిస్కుది. ఫైళ్లన్నీ డిస్కులో ఉంటాయి. డిస్కును చదవడానికి డ్రైవరు కావాలి. ఆ డ్రైవరే డిస్కులో ఫైలుగా ఉంటే? బీరువా తాళం బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టు. అందుకని కెర్నల్‌తో పాటు బూట్‌లోడర్ ఒక చిన్న మూట కూడా మెమరీలోకి తెస్తుంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే ఆ మూటలో ముందుగా అవసరమయ్యే డ్రైవర్లుంటాయి. ఆ మూటలో కావలసింది లేకపోతే అసలు డిస్కు దొరకక కెర్నల్ చేతులెత్తేస్తుంది. మూట సరిగ్గా ఉన్నా యూఎస్‌బీ డిస్కు లాంటివి నెమ్మదిగా లేస్తాయి కాబట్టి, అది కనిపించేదాకా ఆగమని చెప్పే 'రూట్‌వెయిట్' అనే ఆదేశం వేరే ఉంది.

ఎనిమిది మెట్లు

కెర్నల్ అవయవాలు సిద్ధమయ్యాక డ్రైవర్ల వంతు. ఇవి వేలల్లో ఉంటాయి. ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తూ చెక్‌లిస్టు రాస్తే ఆ జాబితాను ఎవరూ కాపాడలేరు. కొత్త డ్రైవరు రాసిన ప్రతివాడూ వచ్చి ఆ ఒక్క కాగితం మీదే గీతలు గీస్తాడు. అందుకని లైనక్స్ ఒక ఉపాయం చేసింది. ప్రతి డ్రైవరూ తన ఫైలులోనే, "నన్ను ఫలానా మెట్టులో లేపండి" అని రాసుకుంటుంది. వీటిని ఇనిట్‌కాల్స్ అంటారు. సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది ముఖ్యమైన మెట్లు. కీలకమైనవి ముందు మెట్లలో, యంత్రం రకానికి సంబంధించినవి మూడో మెట్టులో, ఉపవ్యవస్థలు నాలుగులో, ఫైల్ సిస్టమ్‌లు ఐదులో, మామూలు పరికరాలు ఆరులో, అందరూ లేచాక చేయాల్సినవి ఏడులో.

పెళ్లి పంక్తుల్లా ఇది బాగానే ఉంటుంది, ఒకే పంక్తిలో ఇద్దరి మధ్య వరస అవసరం కానంత వరకు. ఎక్కువ డ్రైవర్లు ఆరో మెట్టులోనే ఉంటాయి. అందులో ఒకదానికి ఇంకొకటి ముందు లేవాల్సి ఉంటే? ఒకే మెట్టులో ఉన్నవాటి వరసను కెర్నల్‌ను కూర్చే సమయంలో ఫైళ్లు ఏ క్రమంలో అతికాయన్నదే నిర్ణయిస్తుంది. ఆ క్రమం మేక్‌ఫైల్ అనే జాబితాలో లైన్లు ఏ వరసలో ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అంటే ఎవరైనా ఆ జాబితాను శుభ్రంగా అక్షర క్రమంలో సర్దుదామనుకుంటే, ఎక్కడో ఒక యంత్రం లేవడం మానేయవచ్చు. ఆ ఫైలులో కొన్నిచోట్ల, ఇది దానికన్నా ముందే ఉండాలి, కదపవద్దు అనే అర్థంతో హెచ్చరికలు కూడా రాసి పెట్టారు.

అప్పట్లో చాలామంది ఎంచుకున్న దారి తేలికైనది. నా డ్రైవరు లేవడం లేదా? దాన్ని ఆరు నుంచి నాలుగో మెట్టుకు ఎక్కిస్తే సరి. నాది పని చేస్తుంది. కొన్నాళ్లకు నాలుగో మెట్టు నిండిపోయి అక్కడ తగువు మొదలవుతుంది. ఇంకొకరు మూడుకు ఎక్కిస్తారు. ప్రతి ఫైలు మీదా 'అత్యవసరం' అని రాస్తే ఏమవుతుందో మన ఆఫీసులో పని చేసిన ఎవరికైనా తెలుసు.

"అది తెచ్చాక రండి"

స్మార్ట్ ఫోన్ల కాలం వచ్చాక ఈ మెట్ల పద్ధతి సరిపోలేదు. ఒక ఫోనులోని టచ్ స్క్రీన్‌ను తీసుకోండి. అది లేవాలంటే దానికి కరెంటు ఇచ్చే రెగ్యులేటర్ ముందు లేవాలి. దానితో మాట్లాడే తీగల జతను నడిపే కంట్రోలర్ లేవాలి. దాని సంకేతం వచ్చే పిన్నును చూసుకునే డ్రైవరు లేవాలి. ఆ రెగ్యులేటర్ కూడా మరో తీగల జత మీద ఆధారపడి ఉండవచ్చు. ఒక కంపెనీ బోర్డులో ఒక వరస, ఇంకో కంపెనీ బోర్డులో మరో వరస. కెర్నల్ రచన మాత్రం అన్నిటికీ ఒక్కటే. ఏ మెట్ల పట్టికా అన్ని బోర్డులకూ సరిపడదు.

2012లో వచ్చిన లైనక్స్ 3.4తో దీనికి ఒక సరళమైన జవాబు దొరికింది. దాన్ని డిఫర్డ్ ప్రోబ్ అంటారు. మనం రోజూ కౌంటర్ దగ్గర చేసేదే. ఇంటి లోను కోసం వచ్చినాయన దగ్గర ఈసీ లేదనుకోండి. ఆయన దరఖాస్తును తిరస్కరించం. "ఈసీ తెచ్చాక రండి" అని ఫైలు పక్కన పెడతాం. డ్రైవరు కూడా తనకు కావలసినది ఇంకా లేవలేదని చూస్తే, పని చేయలేనని కాకుండా "తర్వాత పిలవండి" అని ఒక ప్రత్యేక సంఖ్యతో జవాబిస్తుంది. ఆ సంఖ్య 517. కెర్నల్ దాన్ని ఒక వాయిదా జాబితాలో వేసుకుని, వేరే డ్రైవరు ఏదైనా విజయవంతంగా కుదురుకున్నాక ఆ జాబితాలోని వాళ్లను మళ్లీ పిలిచి చూస్తుంది.

దీంట్లోని గొప్ప విషయం, ఎవరూ వరసను ముందుగా రాయనక్కరలేదు. ఎవరికి ఏం కావాలో వాళ్లకు తెలిస్తే చాలు. తిరిగి తిరిగి అడుగుతుంటే చివరికి సరైన వరస దానంతట అదే ఏర్పడుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఒకే డ్రైవరు నాలుగైదుసార్లు సగం పని చేసి, చేసినదంతా విప్పి, మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. ఆ విప్పడంలో చిన్న పొరపాటు జరిగినా ఇబ్బందే. కావలసినది ఎప్పటికీ రాకపోతే ఫైలు అలాగే పెండింగులో ఉండిపోతుంది, ఎవరికీ తెలియదు. ఎవరెవరు ఇంకా వాయిదాలో ఉన్నారో చూపించే జాబితాను తర్వాత చేర్చారు. ఇంత సమయం దాటితే ఇక ఆగవద్దనే గడువు కూడా పెట్టారు. పెండింగ్ రిజిస్టరు, గడువు తేదీ. ఇవి మనకేమీ కొత్త కాదు కదా.

సంబంధాలు ముందే చెబితే

నేను మేనేజ్‌మెంట్ చదివేటప్పుడు పెర్ట్ చార్టులని వేయించేవారు. 1950ల చివర అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనుల కోసం తయారుచేసిన పద్ధతి అది. పనులన్నిటినీ చుక్కలుగా, బాణాలుగా వేసి, ఏది అయ్యాక ఏది మొదలవాలో గీయాలి. ఆ బాణాల చిత్రం నుంచి ఒక సరైన వరసను లెక్కగట్టే పద్ధతిని ఎ.బి. కాన్ అనే ఆయన 1962లో ప్రచురించారు. పద్ధతి ఇంతే: తన మీదికి ఏ బాణమూ రాని పనిని ముందు తీసి రాయి. దాన్ని, దాని నుంచి వెళ్లే బాణాలను చెరిపెయ్యి. ఇప్పుడు ఏ బాణమూ రాని పని ఏది? దాన్ని రాయి. అన్నీ అయ్యేదాకా ఇలాగే. మధ్యలో అన్ని పనుల మీదికీ బాణాలున్నాయంటే ఎక్కడో చక్రం పడిందన్నమాట. కరెంటు బిల్లు చూపిస్తేనే అడ్రసు ప్రూఫ్, అడ్రసు ప్రూఫ్ ఉంటేనే కరెంటు కనెక్షన్ అన్నట్టు.

లైనక్స్ కూడా ఈ దారికి వచ్చింది. ఫోన్ల బోర్డులతో పాటు డివైస్ ట్రీ అనే ఒక వివరణ పత్రం వస్తుంది. ఈ టచ్ స్క్రీన్‌కు ఈ రెగ్యులేటర్, ఈ రెగ్యులేటర్‌కు ఈ తీగల జత అని అందులో ముందే రాసి ఉంటుంది. కొత్త కెర్నళ్లు ఆ పత్రాన్ని మొదటే చదివి, సంబంధాల బాణాలు గీసుకుని, అవసరమైనవాళ్లు లేచేదాకా మిగతావాళ్లను అసలు పిలవనే పిలవవు. దీంతో పదేపదే వచ్చి తిరిగి వెళ్లడం బాగా తగ్గింది. పడుకోబెట్టేటప్పుడు ఇదే చిత్రం తిరగేసి వాడుకోవచ్చు. చివర లేచినవాళ్లు ముందు పడుకోవాలి. టచ్ స్క్రీన్ ఇంకా పని చేస్తుండగా దాని కరెంటు తీసేయకూడదు కదా.

ఇక్కడా చక్రాలు ఎదురయ్యాయి. కాగితం మీద రెండు పరికరాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడినట్టు కనిపిస్తాయి. నిజానికి ఒకటి లేవడానికి రెండోది అక్కరలేదు, ఆ తర్వాత ఎప్పుడో వాడుకుంటుంది. లేవడానికి కావలసినదేది, పనిలో పడ్డాక కావలసినదేది అని విడదీయడమే అసలు పని. అలాంటి చక్రం కనిపిస్తే కెర్నల్ ఆ ముడిని కాస్త సడలించి, ఎవరో ఒకరిని ముందుకు పోనిస్తుంది.

వేగం పెంచితే ఆగిపోయింది

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. 2019 సెప్టెంబరులో లైనక్స్ 5.3 విడుదలకు సిద్ధంగా ఉంది. దానిలో డిస్కు నుంచి ఫైళ్ల వివరాలు చదివే పద్ధతిని మెరుగుపరిచారు. డిస్కుకు వెళ్లే అభ్యర్థనలు తగ్గాయి. ఎవరైనా మెచ్చుకునే మార్పు. కానీ దాన్ని పరీక్షిస్తున్న ఒక వినియోగదారు కంప్యూటర్ లేవడం మధ్యలో ఆగిపోయింది. లాగిన్ తెర రాదు.

కారణం ఎక్కడో ఉంది. రహస్య తాళాలు తయారుచేయడానికి కంప్యూటర్‌కు ఎవరూ ఊహించలేని యాదృచ్ఛిక సంఖ్యలు కావాలి. యంత్రం తనంతట తాను అలాంటివి సృష్టించలేదు కాబట్టి, డిస్కు ఎప్పుడు జవాబిచ్చింది, మీట ఎప్పుడు నొక్కారు వంటి ఘటనల మధ్య సూక్ష్మమైన సమయ భేదాలను పోగుచేసుకుంటుంది. తగినంత పోగుపడేదాకా సంఖ్య అడిగినవాళ్లను ఆగమంటుంది. కొత్త మార్పుతో డిస్కు పని తగ్గింది. ఘటనలు తగ్గాయి. పోగు నిండలేదు. లాగిన్ తెరకు ముందు నడిచే ప్రోగ్రాము ఒకటి సంఖ్య అడిగి, ఆగి కూర్చుంది. లాగిన్ తెర లేదు కాబట్టి మీటలు నొక్కే మనిషి లేడు. మీటలు నొక్కితే తప్ప పోగు నిండదు. మళ్లీ చక్రం!

చూడండి, డిస్కు మార్పులో తప్పేమీ లేదు. యాదృచ్ఛిక సంఖ్యల విభాగం ఆగమనడమూ సరైనదే. సగం నిండిన పోగు నుంచి తీసిన సంఖ్యతో తాళం చేస్తే దాన్ని దొంగలు ఊహించగలరు. బ్యాంకువాళ్లుగా మనం దానికి ఒప్పుకోం. తప్పు ఎక్కడుందంటే, లాగిన్ తెర రావాలంటే డిస్కు చాలినంత పని చేయాలి అనే సంబంధం ఒకటి ఉందని ఎవరికీ తెలియకపోవడంలో. ఎక్కడా రాసి లేదు. అదృష్టవశాత్తూ ఇన్నేళ్లూ నెరవేరుతూ వచ్చింది.

టోర్వాల్డ్స్ ఏం చేశారు? విడుదలకు ముందు ఆ మంచి మార్పును వెనక్కి తీసుకున్నారు. నిన్నటి దాకా లేచిన యంత్రం నేడు లేవకపోతే, కారణం ఎంత సాంకేతికమైనా, వాడేవాడికి అది చెడిపోవడమే అన్నది ఆయన పట్టుదల. ఆ తర్వాత 5.4లో అసలు మందు వేశారు. పోగు నిండకపోతే ఊరికే కూర్చోకుండా, ప్రాసెసర్ సొంత నడకలోని సమయ భేదాలను కొలిచి పోగు నింపుకునే ఏర్పాటు చేశారు. ఇప్పుడు మొదట వేగం, తర్వాత మందు, రెండూ నిలబడ్డాయి.

ఆగడం వేరు, వరస వేరు

వీటన్నిటి నుంచి నాకు అర్థమైన పద్ధతిని కెర్నల్ భాష తెలియనివాళ్లకూ పనికొచ్చేలా చెబుతాను.

మొదటిది, ఏ వరసలో జరుగుతోందో ముందు చూడాలి. కెర్నల్‌కు 'ఇనిట్‌కాల్ డీబగ్' అని ఒక ఆదేశమిస్తే, ఎవరిని ఎప్పుడు పిలిచింది, ఎంతసేపు పట్టింది అని లైను లైనుగా రాసి చూపుతుంది. ఊహ మీద మెట్లు మార్చడం కన్నా ఇది చదవడం మేలు. నేను వైర్లు మార్చినట్టు మార్చి చూస్తే పని జరగవచ్చు, కారణం మాత్రం తెలియదు.

రెండోది, ఆలస్యాన్ని వరస అనుకోకూడదు. లేవడం లేదా, ముప్పై సెకన్లు ఆగి మొదలుపెట్టు అని రాసేవాళ్లు చాలామంది. మంచి రోజు ముప్పై సెకన్లూ వృథా. చెడ్డ రోజు ముప్పై చాలవు. "ముప్పై సెకన్లు ఆగు" అనడానికీ "డిస్కు లేచేదాకా ఆగు" అనడానికీ చాలా తేడా ఉంది.

మూడోది, వరసను బట్టి గుర్తింపు ఇవ్వకూడదు. ముందు లేచిన కార్డుకు సున్నా అనే పద్ధతి వల్లే ఆ మాస్టారు వెనుదిరిగారు. 2013 నుంచి లైనక్స్ వ్యవస్థల్లో చాలావాటిలో నెట్‌వర్క్ కార్డు పేరును అది బోర్డులో ఏ స్లాటులో ఉందో దాన్ని బట్టి పెట్టే పద్ధతి వచ్చింది. ఎవరు ముందు లేచినా పేరు మారదు. ఖాతాదారును టోకెన్ నంబరుతో కాక ఖాతా నంబరుతో గుర్తించడం లాంటిది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఎవరికి ఎవరు కావాలో రాసి పెట్టాలి. బదిలీ మీద వెళ్లేటప్పుడు మనం ఇచ్చే చార్జి లిస్టులో తాళాలు, రిజిస్టర్లు, స్టాంపులు అన్నీ ఉంటాయి. జనరేటర్ ఆపరేటర్ వచ్చాకే ఏటీఎం గది ఏసీ వేయాలని, ఆ తర్వాతే మిషన్ ఆన్ చేయాలని మాత్రం ఎక్కడా ఉండదు. పాత అటెండరుకు తెలుసు. ఆయన రిటైరైన మర్నాడు ఎవరికీ తెలియదు. ఇంట్లోనూ అంతే. గ్యాస్ పుస్తకం ఎక్కడుందో, ఏ పాలసీ ప్రీమియం ఏ ఖాతా నుంచి కట్ అవుతుందో, దాని ముందు ఆ ఖాతాలోకి డబ్బు ఎవరు వేయాలో ఒక్కరి బుర్రలోనే ఉంటే, ఆ ఒక్కరు ఆసుపత్రిలో ఉన్న వారం ఇల్లు లేవదు.

ఆ బ్రాంచి నుంచి బదిలీ అయ్యేటప్పుడు చార్జి లిస్టుకు నేను ఒక పేజీ అదనంగా జోడించాను. కరెంటు పోయి వచ్చాక ఏది లేచిందని చూసుకున్నాక ఏది ఆన్ చేయాలో, ఎందుకో పదకొండు లైన్లలో రాశాను. ఎక్కడా "ఐదు నిమిషాలు ఆగండి" అని రాయలేదు. ఫలానా దీపం పచ్చగా మారాక అనే రాశాను. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా అలాంటి పేజీ ఒకటి రాసి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. ఈ వ్యాసం చదివాక మీ బ్రాంచికీ, మీ ఇంటికీ అలాంటిదొకటి రాసుకుంటే, ఏదో ఒక ఒకటో తారీఖున ఎవరో ఒక మాస్టారు తన బస్సు అందుకుంటారు.